అద్దకపు తొట్టిలో ఉప్పు

తెలుగు సాహిత్యం చదువుకునే విద్యార్థిని ఉప్పు గురించి అడిగితే 1930 అంటాడు. దండి యాత్ర, ఏప్రిల్ 6, మన కోస్తా తీరమంతా ఉప్పు వండి జైళ్లకు వెళ్లిన వలంటీర్లు గుర్తుకొస్తారు. రంగు గురించి అడిగితే నీలిమందు అంటాడు. 1860లో అచ్చయిన దీనబంధు మిత్ర నాటకం 'నీల్ దర్పణ్', 1917 నాటి చంపారణ్ గుర్తుకొస్తాయి. వలసపాలనలో ఉప్పూ రంగూ రెండూ రాజకీయ వస్తువులేననీ, రెండిటి వెనకా రైతు నెత్తురుందనీ మనం నేర్చుకున్నాం, నేర్పుతున్నాం. ఈ రెండూ ఒకేచోట కలిసే స్థలం ఒకటుంది. అది అద్దకపు తొట్టి. మన కథకులు, కవులు మగ్గం దగ్గరికి చాలాసార్లు వెళ్లారు. పడుగూ పేకా, కండె, ఆసు, నేతగాడి ఆకలి మన సాహిత్యంలో ఉన్నాయి. నూలుకు రంగు వేసేవాడు మాత్రం ఎప్పుడూ ఆ చిత్రానికి వెనక నిలబడిపోయాడు. అతని తొట్టిలోంచి కాలువలోకి పోయిన నీళ్లు ఎక్కడికి వెళ్లాయన్నది ఇంకా తక్కువమంది అడిగారు.

ముందుగా ఒక లెక్క చెప్పాలి. ముదురు నీలమో నలుపో కావలసిన ఒక కిలో నూలుగుడ్డకు, ఇప్పుడు ప్రపంచమంతటా ఎక్కువగా వాడే రియాక్టివ్ రంగులతో అద్దకం వెయ్యాలంటే, అరకిలో నుంచి దాదాపు కిలో దాకా ఉప్పు పడుతుంది. గుడ్డ ఎంత బరువో ఉప్పూ ఇంచుమించు అంత. ఆ ఉప్పులో ఒక్క గ్రాము కూడా గుడ్డలో మిగలదు. రంగును నూలు దగ్గరికి చేర్చడంతో దాని పని అయిపోతుంది. ఆ తరవాత ఎంత వేశామో అంతా కాలువలోకి పోతుంది. ఈ ఉప్పును తగ్గించడం ఎలా అన్నది వస్త్ర రసాయనశాస్త్ర పుస్తకాలలో ఒక సాంకేతిక సమస్యగా ఉంటుంది. కానీ తగ్గించే మార్గాలు ఎప్పుడు తెలిశాయి, ఎప్పుడు ఆచరణలోకి వచ్చాయి అని రెండు తారీఖుల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, మధ్యనున్న ఖాళీని రసాయనశాస్త్రం వివరించలేదు. దాన్ని వివరించేది ఆ ఉప్పు ఖరీదు ఎవరు చెల్లించారన్న ప్రశ్న ఒక్కటే.

నూలుకు రంగు పట్టించడం ఎప్పుడూ తేలిక కాదు. ఉన్ని, పట్టు జంతువు నుంచి వచ్చినవి, వాటికి రంగు త్వరగా అంటుతుంది. నూలు, జనుము, నార చెట్టు నుంచి వచ్చినవి, ఇవి రంగును అంత సులువుగా రానివ్వవు. ఈ మొండితనాన్ని లొంగదీసిన నేర్పు వల్లనే కోరమాండల్ తీరపు బట్టకు లోకమంతా పేరొచ్చింది. మచిలీపట్నం, పెటబోలి (అంటే ఇప్పటి నిజాంపట్నం) ప్రాంతపు ఎరుపు చిరివేరు నుంచి వచ్చేది. 17వ శతాబ్దపు మొదట్లో మచిలీపట్నంలో ఉన్న ఇంగ్లీషు వర్తకుడు విలియం మెత్వోల్డ్ పెటబోలి చిరివేరును ప్రత్యేకంగా ప్రస్తావించాడు. కరక్కాయ, పాలు, పటిక, చిరివేరు, పారే నీళ్లలో ఉతుకుడు, ఎండ, మళ్లీ ఉతుకుడు - ఇన్ని దశలు దాటితేగాని ఎరుపు నిలిచేది కాదు. పటిక నూలుకూ రంగుకూ మధ్యన దళారీలా నిలబడి రెండింటినీ కట్టిపడేసేది.

ఆ కాలాన్ని తలచుకుని నిట్టూర్చేవాళ్లతో నాకు పేచీ ఉంది. 'సహజమైన రంగులు' అనగానే అవి అమాయకమైనవి అనుకోవడం ఒక మధ్యతరగతి భ్రమ. బెంగాలు రైతును కొరడాతో కొట్టి పండించిన నీలిమందు కూడా సహజమైన రంగే. జర్మనీలో బి.ఎ.ఎస్.ఎఫ్. కంపెనీ 1897లో కృత్రిమ నీలిని బజారులోకి తెచ్చాక నీలితోటల దొరతనం కూలిపోయింది. రైతుకు ఆ మేలు చేసింది కరుణ కాదు, రసాయనశాస్త్రం. కనక ప్రశ్న సహజమా కృత్రిమమా అన్నది కాదు.

1856లో లండన్‌లో పద్ధెనిమిదేళ్ల విలియం హెన్రీ పెర్కిన్ క్వినైను చెయ్యబోయి ఊదారంగు చేశాడు. ఆ రంగు పట్టుకు చక్కగా అంటింది, నూలుకు అంటలేదు. నూలుకు మళ్లీ పాత దళారీలే కావలసి వచ్చాయి. దళారీ అక్కర్లేకుండా నేరుగా నూలును పట్టే కృత్రిమ రంగు 1884లో వచ్చింది. దాన్ని కనిపెట్టిన పాల్ బాటిగర్ అనే జర్మన్ రసాయనికుడు హక్కులను బెర్లిన్‌లోని ఆగ్ఫా కంపెనీకి అమ్మాడు. అది ఎర్రరంగు. ఆఫ్రికాను యూరపు రాజ్యాలు బల్లమీద పటం పరిచి పంచుకున్న మహాసభ 1884 నవంబరు నుంచి 1885 ఫిబ్రవరి దాకా అదే బెర్లిన్‌లో జరిగింది. పత్రికల నిండా కాంగో మాటే. కంపెనీ తన కొత్త సరుకుకు 'కాంగో ఎరుపు' అని పేరు పెట్టింది. ఆ రంగుకూ కాంగో దేశానికీ ఏ సంబంధమూ లేదు. బజారులో చలామణి అవుతున్న మాట కనక వాడుకున్నారు. సామ్రాజ్యవాదపు నెత్తురును వ్యాపార ప్రకటనగా మార్చిన ఇంతకంటే మంచి ఉదాహరణ సాహిత్య విద్యార్థికి దొరకదు.

ఉప్పు అద్దకపు తొట్టిలో స్థిరపడింది ఈ కాంగో ఎరుపు కుటుంబంతోనే. కారణం తెలుసుకోవడం కష్టం కాదు. నూలు నీళ్లలో మునిగితే దాని పైభాగానికి కొద్దిగా ఋణావేశం వస్తుంది. నీళ్లలో కరిగిన రంగు అణువుదీ ఋణావేశమే. అయస్కాంతాల ఒకే ధ్రువాలను దగ్గరకు తెస్తే ఏం జరుగుతుందో ఇక్కడా అదే జరుగుతుంది, నూలు రంగును తోసేస్తుంది. ఉప్పు వేస్తే దానిలోని సోడియం ధనావేశంతో నూలు చుట్టూ చేరి ఆ తోపుడును కప్పేస్తుంది. పైగా ఉప్పెక్కువైన నీళ్లలో రంగుకు నిలవడం ఇబ్బందై నూలులోకి జరుగుతుంది. మామూలు ఉప్పయినా సరే, గ్లాబర్ ఉప్పయినా సరే. 17వ శతాబ్దపు జర్మన్ రసవాది గ్లాబర్ ఈ రెండోదాన్ని అద్భుత లవణం అని పిలుచుకున్నాడు. మనం సోడియం సల్ఫేట్ అంటాం.

ఈ నేరు రంగులకు పెద్ద లోపం ఒకటుంది. అవి నూలును అంటిపెట్టుకుంటాయే తప్ప దానితో కలిసిపోవు. ఉతికినప్పుడల్లా కొంత దిగిపోతాయి. మన ఇళ్లలో కొత్త చీరను మొదటిసారి విడిగా ఉప్పునీళ్లలో నానబెట్టడం అందుకే. ఇద్దరి బట్టలు కలిపి ఉతికితే ఒకరి రంగు మరొకరికి అంటుకుని ఇంట్లో గొడవలు కావడమూ అందుకే. రంగు దిగని చీర కలవారి సొత్తుగా ఉండేది.

దాన్ని పేదలకు అందుబాటులోకి తెచ్చినవాళ్లు ఇయాన్ రాటీ, విలియం స్టీఫెన్. ఇద్దరూ మాంచెస్టర్ దగ్గర బ్లాక్లీలోని ఇంపీరియల్ కెమికల్ ఇండస్ట్రీస్ ప్రయోగశాల ఉద్యోగులు. ఉన్నికోసం తయారైన కొన్ని రంగుల మీద పనిచేస్తూ 1954లో వాటిని నూలు మీద, క్షారం కలిపిన నీళ్లలో ప్రయత్నించారు. రంగు నూలును అంటుకోవడంతో ఆగలేదు, దానితో రసాయనికంగా ముడిపడింది. ఇక ఆ గుడ్డను ఎంత ఉతికినా ముడి విడదు. కంపెనీ 1956లో, సరిగ్గా పెర్కిన్ నూరేళ్ల ఉత్సవం నాటికి, ప్రోసియాన్ పేరుతో వీటిని అమ్మకానికి పెట్టింది. ఒకటి రెండేళ్లలోనే స్విట్జర్లాండు, జర్మనీ కంపెనీలు తమ సొంత రకాలతో రంగంలోకి దిగాయి. రియాక్టివ్ రంగులన్న మాట అలా స్థిరపడింది. మెరిసే ఎరుపు, పసుపు, నీలం, అవీ ఉతుకుకు నిలిచేవి, చల్లటి నీళ్లలో కూడా పట్టేవి. పెద్ద యంత్రాలు లేని చిన్న అద్దకపువాడికి కూడా అందేవి. దీన్ని తక్కువ చేసి మాట్లాడకూడదు. కూలికి వెళ్లే మనిషి వంటిమీద ఎరుపు ఏడాది పాటు ఎరుపుగానే నిలవడం చరిత్రలో చిన్న సంగతి కాదు.

అయితే ప్రతి పరిష్కారమూ తన వైరుధ్యాన్ని వెంటబెట్టుకునే వస్తుంది. నూలుతో రంగును ముడివేసే క్షారమే అదే తొట్టిలో నీళ్లతోనూ రంగును ముడివేస్తుంది. నీళ్లతో ముడిపడ్డ రంగు చచ్చిన రంగు, ఇక నూలుకు పనికిరాదు. రంగు రకాన్ని బట్టి, పద్ధతిని బట్టి నూటికి ఇరవై నుంచి నలభై పాళ్లు ఇలా వృథా అవుతుంది. ఆ చచ్చిన రంగును గుడ్డలోంచి పూర్తిగా కడిగెయ్యకపోతే అది తరవాత దిగి, 'ఉతుకుకు నిలుస్తుంది' అన్న ప్రచారమంతా అబద్ధమవుతుంది. సులువుగా కడుక్కుపోవాలంటే రంగు అణువుకు నూలు మీద మమకారం తక్కువుండాలి. అందుకని కంపెనీల రసాయనికులు మమకారం తక్కువున్న చిన్న అణువులను ఎంచుకున్నారు. మమకారం తక్కువైన రంగు తనంతట తాను నూలు దగ్గరికి పోదు. దాన్ని తరమాలి. తరమడానికి ఉప్పు కావాలి, నేరు రంగులకు కావలసినదానికంటే చాలా ఎక్కువ కావాలి.

గమనించదగ్గది ఏమంటే, ఇక్కడ ఒక ఎంపిక జరిగింది. కడుగుడు ఖర్చు యజమాని భరించాలి. నీళ్లు, ఆవిరి, మనిషి శ్రమ, గంటలు అన్నీ అతని ఖాతాలోవే. ఉప్పు పైసల్లో దొరికేది, కాలువ ఊరికే దొరికేది. కనక ఏ భారాన్ని తగ్గించి ఏ భారాన్ని పెంచాలన్న ప్రశ్న వచ్చినప్పుడు తీర్పు ఉప్పు పక్షాన పడింది. ఎవరో కుట్ర పన్నారని నేననడం లేదు. ఖర్చు ఖాతాలో నదికి వరస లేనప్పుడు అత్యంత నిజాయితీపరుడైన రసాయనికుడు కూడా అదే తీర్పు చెబుతాడు.

తొట్టిలో ఉప్పు కొలత గుడ్డ బరువును బట్టి కాదు, నీళ్లను బట్టి. లీటరుకు ఇన్ని గ్రాములు అని ఉంటుంది. లేత చాయకు ఇరవై ముప్ఫై గ్రాములు, ముదురు చాయకు ఎనభై, ఒక్కోసారి వంద. పాతకాలపు వించి యంత్రంలో కిలో గుడ్డకు ఇరవై లీటర్ల నీళ్లు పోస్తారు. లీటరుకు 80 గ్రాముల చొప్పున 1,600 గ్రాముల ఉప్పు, గుడ్డ బరువుకు ఒకటిన్నర రెట్లకు పైన. అదే గుడ్డను ఆరు లీటర్లతో అద్దగల యంత్రంలో వేస్తే 480 గ్రాములు చాలు. రంగు మారలేదు, సూత్రం మారలేదు, నీళ్లు తగ్గాయి, అంతే. ఉప్పు తగ్గించడానికి మొదటి మార్గం ఉప్పు మానడం కాదు, నీళ్లు తగ్గించడం. ఇది కూడికలు తీసివేతలు వచ్చిన ఎవడికైనా 1956లోనే తెలిసి ఉండవలసిన సంగతి.

రెండో మార్గమూ పాతదే. గుడ్డను రంగూ క్షారమూ కలిపిన కొద్దిపాటి ద్రవంలో ముంచి, రోలర్ల మధ్య పిండి, చుట్టగా చుట్టి, పైన ప్లాస్టిక్ కాగితం కప్పి, నాలుగు గంటల నుంచి ఒక రోజు దాకా మామూలు గది వేడిలో మెల్లగా తిప్పుతూ ఉంచుతారు. గుడ్డ తాగినంత ద్రవమే ఉంటుంది కనక రంగు ఎక్కడికీ పోలేదు, దాన్ని తరమనక్కర్లేదు. ఉప్పు దాదాపు అక్కర్లేదు. కోల్డ్ ప్యాడ్ బ్యాచ్ అనే ఈ పద్ధతి 1960 ప్రాంతం నుంచే ఉంది. నేసిన గుడ్డకు, పెద్ద పెద్ద తానులకు బాగా నప్పుతుంది. గొట్టంలా అల్లిన బనీను గుడ్డకు కష్టం, రోలర్ల మధ్య అంచులు నలిగి గీతలు పడతాయి, లేదా గొట్టాన్ని కోసి పరచాలి. వంద కిలోలు ఒక చాయ, యాభై కిలోలు మరో చాయ అని ముక్కలుగా వచ్చే పనికి యంత్రం పెట్టుబడి గిట్టదు. ఈ అభ్యంతరాలు నిజమైనవే. ముందుకు వచ్చే కథలో ఇవి కావాలి.

మూడోది రంగునే మార్చడం. ఒకే అణువుకు నూలును పట్టే చేతులు రెండు పెడితే ఒక చెయ్యి జారినా రెండోది పట్టుకుంటుంది, వృథా తగ్గుతుంది. ఇలాంటివి 1980 ప్రాంతానికి బజారులో ఉన్నాయి. 1990ల మధ్యకు స్విస్ కంపెనీ సీబా, తక్కువ ఉప్పు అన్న పేరుతోనే ఒక శ్రేణిని తెచ్చింది. మామూలుగా వేసే ఉప్పులో సగం, అంతకంటే తక్కువతోనూ ఆ రంగులు పట్టేవి. ఇంకోటి నూలునే మార్చడం. ముందే ఒక రసాయనంతో నూలుకు ధనావేశం తగిలిస్తే అది రంగును తొయ్యడం మాని లాక్కుంటుంది, ఉప్పుతో పనే ఉండదు. వినడానికి బాగుంటుంది. కానీ మరీ ఆత్రంగా లాక్కుంటే రంగు ఒకచోట గుప్పున, మరోచోట పల్చగా పడుతుంది. ఆ రసాయనంతో పనిచేసే మనిషి ఆరోగ్యం మాటా చూసుకోవాలి. ఉప్పు బాధ నదికి తప్పించి వేరే బాధ కార్మికుడికి తగిలించడం పరిష్కారం కాదు.

ఇక తిరుప్పూరుకు వెళ్దాం. తమిళనాడు పడమటి భాగంలో, కోయంబత్తూరు పక్కన నొయ్యల్ నది ఒడ్డున ఉన్న ఊరు. ఈ నది పడమటి కనుమల్లో వెళ్లింగిరి కొండల్లో పుట్టి కరూరు జిల్లాలో కావేరిలో కలుస్తుంది. ఈ నేల తెలుగువాళ్లకు పరాయిది కాదు. కోయంబత్తూరు చుట్టుపక్కల నాయకరాజుల కాలం నుంచి స్థిరపడి ఇళ్లలో తెలుగు మాట్లాడే రైతు కుటుంబాలు, దేవాంగ నేత కుటుంబాలు ఉన్నాయి. తిరుప్పూరు మొదట దేశానికి బనీన్లు అల్లిన ఊరు. 1980ల నుంచి యూరపు, అమెరికా దుకాణాలకు టీషర్టులు పంపే ఊరైంది. తెల్ల బనీనుకు రంగు అక్కర్లేదు. టీషర్టుకు కావాలి. ప్రతి కాలానికీ కొత్త చాయ కావాలి.

అక్కడ అద్దకం చేసేవాడు గుడ్డ యజమాని కాదు, కిలోకు ఇంత అని కూలికి రంగు వేసిపెట్టేవాడు. అతని పైన ఎగుమతిదారు, ఆ పైన విదేశీ కొనుగోలుదారు. చాయ పంపిన నమూనాతో వెంట్రుకవాసి తేడా లేకుండా కలవాలి, తేదీ తప్పకూడదు, రేటు నిరుటికంటే తగ్గాలి. ఇలాంటి మనిషి ముందు తక్కువ ఉప్పుతో పట్టే ఖరీదైన రంగూ, ఎక్కువ ఉప్పుతో పట్టే చౌక రంగూ పెడితే ఏది తీసుకుంటాడు? ఉప్పు తగ్గించి ప్రయోగం చేస్తే ఒక్క లాటు చాయ తప్పినా నష్టం అతనిది. ఉప్పు గుప్పిస్తే నష్టం కనిపించనంత దూరంలో ఉన్నవాడిది. మన కథల్లో ఇతనే దుర్మార్గుడైన యజమానిగా కనిపిస్తాడు. అతను నిర్దోషి అని నేననను. కానీ కథ అతని దగ్గరే ఆగిపోతే, టీషర్టు మీద తన పేరు కుట్టించుకున్నవాడు కథలోకి రాకుండానే తప్పించుకుంటాడు.

నొయ్యల్ మీద, తిరుప్పూరుకు దిగువన ఒరత్తుపాళయం దగ్గర, ఈరోడు, కరూరు ప్రాంతాల్లో పొలాలకు నీళ్లివ్వడానికి కట్టిన ఆనకట్ట 1990ల మొదట్లో పూర్తయింది. తిరుప్పూరు ఎగుమతులు ఉరకలు వేస్తున్నది సరిగ్గా అప్పుడే. ఎండాకాలం నీళ్లు లేని నది అది. కాబట్టి ఆనకట్ట వెనక నిలిచింది నది నీరు కాదు, అద్దకాల మురుగు. కాలువల్లో వదిలిన నీళ్లు, భూమిలోకి ఇంకిన నీళ్లు పొలాన్ని చవుడు చేశాయి. బావుల్లో నీళ్లు ఉప్పగిల్లాయి. కొబ్బరిచెట్లు ఆకు ఎండి, కాయ చిన్నదై, మెల్లగా పోయాయి. పశువులు ఆ నీళ్లు ముట్టనన్నాయి. తమకోసం కట్టిన ఆనకట్టను తెరవొద్దని రైతులే అడ్డుపడే స్థితి వచ్చింది.

అప్పటి శుద్ధికేంద్రాల సంగతి చెప్పాలి. 1990లలో అద్దకపు యూనిట్లు కలిసి ఉమ్మడి శుద్ధికేంద్రాలు పెట్టాయి. మురుగులో సున్నం, అన్నభేది వేసి రంగును ముద్దగా పేరబెట్టి తీసేసేవాళ్లు. బయటికి వచ్చే నీళ్లు తేటగా ఉండేవి. ఫొటో తీసి చూపించవచ్చు. కానీ కరిగిన ఉప్పు సున్నానికి లొంగదు. పైగా శుద్ధికోసం వేసిన మందుల లవణాలు కొంత అదనంగా చేరతాయి. కంటికి కనిపించేది పోయింది, నాలుకకు తెలిసేది మిగిలింది. లెక్క చూడండి: కిలో గుడ్డకు అద్దకం, కడుగుళ్లు అన్నీ కలిపి వంద లీటర్ల నీళ్లు, 600 గ్రాముల ఉప్పు అనుకుంటే లీటరుకు 6,000 మిల్లీగ్రాములు. తమిళనాడులో నదిలోకి వదలడానికి నియమం 2,100. వేసిన సోడా ఇంకా ఈ లెక్కలో లేదు. అంటే ఆ శుద్ధికేంద్రాలు ఎంత బాగా పనిచేసినా నియమాన్ని అందుకోలేవు. అది కట్టినవాళ్లకీ అనుమతిచ్చినవాళ్లకీ మొదటిరోజునే తెలియవలసిన కూడిక.

ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగుతాడు, తప్పు చేసినవాడు దండుగ కడతాడని మన సామెత. నొయ్యల్ దగ్గర ఉప్పు ఒకరిది, ఆ నీళ్లు తాగింది మరొకరు. దండుగ దగ్గరికి వచ్చేసరికి కోర్టులు కావలసి వచ్చాయి. వెల్లూరు తోళ్ల కార్ఖానాల కేసులో (తోళ్ల పరిశ్రమదీ ఉప్పు కథే) సుప్రీంకోర్టు 1996లో, పాడుచేసినవాడే భరించాలన్న సూత్రాన్ని ఈ దేశపు చట్టంలో భాగమని ప్రకటించింది. నొయ్యల్ రైతులకు జరిగిన నష్టాన్ని లెక్కగట్టిన అధికార సంస్థ 2004లో 68 గ్రామాల్లో 28 వేలకు పైగా రైతులకు 24 కోట్ల 80 లక్షల రూపాయల దాకా పరిహారం నిర్ణయించింది. తలసరి చూస్తే తొమ్మిది వేల రూపాయలు కూడా రాదు. ఏళ్ల తరబడి పోయిన పంటకీ, బావికీ, చెట్టుకీ కలిపి అంత. నొయ్యల్ ఆయకట్టు రైతుల రక్షణ సంఘం వేసిన కేసులో 2006 డిసెంబరులో మద్రాసు హైకోర్టు, చుక్క మురుగు కూడా బయటికి వదలకూడదనీ, అప్పటిదాకా వదిలిన ప్రతి లీటరుకూ పైసల లెక్కన జరిమానా కట్టాలనీ ఆదేశించింది. అద్దకపు యజమానుల సంఘం ఢిల్లీకి వెళ్లింది. 2009 అక్టోబరు 6న సుప్రీంకోర్టు రైతుల పక్షాన్నే నిలిచింది. అయినా మురుగు ఆగలేదు. 2011 జనవరి 28న హైకోర్టు తిరుప్పూరు అద్దకపు యూనిట్లన్నీ, ఏడు వందలకు పైగా, మూసెయ్యమంది.

అభ్యుదయవాదులకు అసలు పరీక్ష అప్పుడు వచ్చింది. ఒక పక్క భూమి పోయిన రైతు. మరో పక్క తొట్టి దగ్గర నిలబడి పనిచేసే కూలీ, దక్షిణ తమిళ జిల్లాల నుంచి, ఒడిశా, బీహారుల నుంచి వచ్చి కుట్టుమిషను మీద బతికే మనిషి. అద్దకం ఆగితే అల్లకం ఆగుతుంది, కుట్టు ఆగుతుంది. రైతు గెలిచిన రోజున కార్మికుడు వీధిన పడ్డాడు. యజమానుల వాదం అంతా ఈ కార్మికుణ్ని ముందుంచుకునే సాగింది. కూలి పెంచమన్నప్పుడు గుర్తుకురాని కార్మికుడు, ఉప్పు ఆపమన్నప్పుడు గుర్తుకొచ్చాడు. రైతా కూలీనా అన్న ప్రశ్నను అలా పెట్టడంలోనే మోసం ఉంది. ఇద్దరి నష్టాన్నీ కలిపి చూస్తే, ఉప్పు తగ్గించడానికి కావలసిన ఖర్చు అద్దకపు కూలి రేటులో ఎన్నడూ ఎందుకు చేరలేదన్న ప్రశ్న వస్తుంది. కొనుగోలుదారు ఆ రేటు ఇవ్వలేదు, ఎగుమతిదారు అడగలేదు, ప్రభుత్వం విదేశీ మారకం లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. యూనిట్లు మూతపడ్డ తరవాత కొంత పని చాటుమాటుగా ఇతర జిల్లాలకు, ఇతర నదుల ఒడ్డుకు జరిగింది కూడా.

మూత పడ్డాకే అసలైన మార్పులు వేగంగా వచ్చాయి. మురుగును పల్చని పొరల గుండా ఒత్తిడితో వడకట్టి నీళ్లను తిరిగి వాడుకోవడం, మిగిలిన గాఢమైన ఉప్పునీటిని మరగబెట్టడం మొదలైంది. మరగబెట్టడానికి కట్టెలూ కరెంటూ విపరీతంగా ఖర్చయ్యాయి. అప్పుడు ఒక చిన్న సంగతి తట్టింది. ఉప్పునీటిని ఎండబెట్టి ఉప్పు చేసి, ఆ ఉప్పును మళ్లీ అద్దకపు తొట్టిలో నీళ్లలోనే కదా కరిగిస్తున్నాం? రంగూ, కాఠిన్యమూ తీసేసి ఆ ఉప్పునీటినే నేరుగా తొట్టిలోకి పంపితే సరిపోదా? సరిపోయింది. తిరుప్పూరు దగ్గర అరుళ్‌పురం ఉమ్మడి కేంద్రంలో ఈ పద్ధతి పెద్ద ఎత్తున నిలబడింది. సోడియం సల్ఫేట్ వాడితే మరో సౌకర్యం కూడా ఉంది, గాఢ ద్రవాన్ని బాగా చల్లబరిస్తే స్ఫటికాలుగా విడిపోతుంది, మళ్లీ వాడుకోవచ్చు. వించీలు పోయి తక్కువ నీళ్ల యంత్రాలు వచ్చాయి. నిన్నటిదాకా ఖరీదు అనిపించిన రెండు చేతుల రంగులు లెక్కలో గిట్టుబాటయ్యాయి. ఉప్పు కొన్న ధర పెరగలేదు, ఉప్పు పారేసే ధర పెరిగింది.

'పెట్టుబడి' మూడో సంపుటంలో మార్క్స్, ఉత్పత్తిలో విసర్జితమయ్యే పదార్థాల వినియోగం గురించి రాశాడు. ముడిసరుకు ధర పెరిగినప్పుడే వ్యర్థానికి విలువ వస్తుందని అతని పరిశీలన. నొయ్యల్ దగ్గర ఒక మెట్టు అదనంగా ఉంది. ఇక్కడ ముడిసరుకు చౌకగానే ఉండిపోయింది. వ్యర్థానికి ధర పెట్టింది బజారు కాదు, ఒక రైతు సంఘం. 1956 నుంచి 2011 దాకా యాభై ఐదేళ్లు. నీళ్లు తగ్గిస్తే ఉప్పు తగ్గుతుందన్న కూడిక ఆచరణలోకి రావడానికి అంతకాలం పట్టింది.

మన వైపు చూస్తే, సిరిసిల్లలో మరమగ్గాల మీద ఎక్కువగా నేసే పాలిస్టరుకు ఈ ఉప్పు బాధ లేదు, దాని రంగుల తీరు వేరు. నూలు చేనేత ఊళ్లలో మాత్రం చిలపలను పెద్ద పాత్రల్లో ముంచి తిప్పే పద్ధతిలో కిలో నూలుకు పడే నీళ్లు వించికంటే తక్కువేం కాదు. ఉప్పు దోసిలితో వేసే అలవాటూ ఉంది. ఒక్కో తొట్టి చిన్నదే. అయితే ఆ నీళ్లు పోయేది అద్దకపువాడి ఇంటి వెనక గుంటలోకే, అక్కడి నుంచి అతని సొంత బావిలోకే. తిరుప్పూరులో ఉప్పు వేసినవాడూ తాగినవాడూ వేరు, ఇక్కడ ఇద్దరూ ఒకరే. ఉప్పు తూచి వెయ్యడం, పాత్ర కొలతకు తగ్గట్టు నీళ్లు తగ్గించడం ఇక్కడ యంత్రం లేకుండానే చెయ్యగల పనులు. వీటికి కోర్టు అక్కర్లేదు, పాఠం కావాలి. చేనేత మీద కవితలు రాసే మనం, ఆ గుంట పక్కన నిలబడి ఒక్క పూట చూస్తే, మన పదజాలంలోకి ఎన్ని కొత్త మాటలు వస్తాయో.

తిరుప్పూరు కథ అయిపోయిందనుకోవద్దు. నీళ్లు వెనక్కి తీసుకున్నాక, వాడదగిన ఉప్పు వేరు చేశాక, చివరికి ఒక ముద్ద మిగులుతుంది. మామూలు ఉప్పు, సల్ఫేటు, చచ్చిన రంగు అవశేషాలు కలగలిసిన మిశ్రమ లవణం. దాన్ని తొట్టిలో వెయ్యలేరు, వండుకోలేరు, కొనేవాడు లేడు, నదిలో పారబోస్తే నేరం. సంచుల్లో కట్టి, వాన తగలకుండా శుద్ధికేంద్రాల ఆవరణల్లో షెడ్ల కింద పేర్చి ఉంచవలసి వచ్చింది.